ఐస్‌క్రీమ్ డబ్బాలో మాటలు

పొద్దున్న ఏడింటికి డ్యూటీ ఎక్కగానే ఫ్లోరెన్స్ చేసే మొదటి పని చీపురు పట్టడం. నర్సుకి చీపురెందుకంటారా? పామర్‌స్టన్ నార్త్ అనే ఊళ్ళో, ముసలివాళ్ళుండే ఆ రెస్ట్‌హోమ్‌లో ఎవరైనా అన్న మాట ఎదుటివాళ్ళకి సరిగ్గా అందకపోతే, అది టిక్కుమని కింద పడేది. చింతగింజంత ఉండేది, ముట్టుకుంటే వెచ్చగా తగిలేది. ముసలివాళ్ళు కాలేసి జారతారని కారిడార్‌కో చీపురు, చేట పెట్టించింది మేనేజర్ శ్యారన్. ఊడ్చినవన్నీ చెత్తబుట్టలోకే. ఆకులు రాలితే ఊడవమూ? ఇదీ అంతే.

ఉబోన్ చేరాక ఆ ఊడ్పు పని రెట్టింపయింది. థాయ్‌లాండ్‌లోని ఖోన్ కేన్ నుంచి వచ్చిన కేర్‌గివర్ ఆవిడ. నోట్లో నాలుక లేని మనిషి, పనిలో మాత్రం వంక పెట్టలేం. ఓ తాతగారు భేష్ అనడానికి అక్కడి వాడుకలో "స్వీట్ యాజ్" అని మెచ్చుకుంటే, దేనంత తియ్యగానో చెబుతాడని పాపం నోరు తెరుచుకుని నిలబడేది. టిక్! శ్యారన్ "యా, నా" అంటే అవుననా, కాదనా? టిక్! ఉబోన్ మాత్రం తక్కువ తిందా! స్టాఫ్ గ్రూపులో ఎవరో జోకు పెడితే "555" అని కొట్టింది. థాయ్‌లో అయిదుని "హా" అంటారు, అంటే హహహా అని నవ్విందన్నమాట. ఉన్నవేమో నలభై గదులు, ఆ అయిదువందల యాభై అయిదో గదిలో ఎవరికేమైందోనని శ్యారన్ హడలి చచ్చింది. ఆరోజు ఫోన్లలోంచి కూడా టపటపా రాలాయి.

వాటిని నోట్లో వేసుకోవచ్చని కనిపెట్టింది ఫ్లోరెన్సే. బాపట్ల పక్క పల్లెలో, నేలపాలైన మెతుకుని ఏరి కళ్ళకద్దుకునే అమ్మమ్మ చేతిలో పెరిగిన పిల్ల. వెచ్చవెచ్చటివాటిని చెత్తబుట్టలో పొయ్యడానికి చెయ్యి రాలేదు. ఓరోజు ఒకటి కడిగి నాలుక మీద పెట్టుకుంది. అంతే! అన్న మనిషి మనసులో ఏముందో రుచిగా తెలిసిపోయింది. "యా, నా" కాస్త వగరు. వద్దులే, కానీ నువ్వు నొచ్చుకోకు, అని.

అప్పట్నించీ ఉబోన్ మాటల్ని ఏరి, రెండు లీటర్ల ఐస్‌క్రీమ్ డబ్బాలో పోసి, ఇంటి ఫ్రిజ్‌లో దాస్తోంది. అందులో ముప్పాతిక వంతు ఒకటే మాట. ఏ గదిలో అడుగు పెట్టినా ఉబోన్ ముందు అడిగేది అదే: "తిన్నారా?"

మనకి వేరే చెప్పాలా! దారిలో కనబడ్డవాళ్ళని "భోంచేశారా" అంటాం. విస్తరేసి కూర్చోబెట్టడానికా? బాగున్నారా అనే కదా! థాయ్‌వాళ్ళదీ అదే మర్యాద. ఆ మాట వినబడగానే ఫ్లోరెన్స్‌కి ప్రాణం లేచొచ్చేది. "తిన్నాను, నువ్వో?" అనేది. వాళ్ళిద్దరి మధ్యా ఎప్పుడూ ఏదీ రాలలేదు.

కానీ ఏడో గదిలో ఉండే డోరీన్‌గారి కూతురు హెలెన్‌కి ఇదంతా ఎలా తెలుస్తుంది? అమ్మని చూడ్డానికి వచ్చిన రోజున పదింటికోసారి, రెండింటికోసారి, నాలుగింటికోసారి ఉబోన్ తొంగిచూసి అదే అడగడం చెవులారా వింది. పైగా డోరీన్‌గారు ఆ నెలలో నాలుగు కిలోలు తగ్గారు. మా అమ్మకి తిండి పెట్టారో లేదో కూడా ఈవిడకి తెలీదా అని హెలెన్ ఒంటికాలి మీద లేచి ఫిర్యాదు రాసిచ్చింది. శ్యారన్ పిలిచి నిలదీస్తే, ఉబోన్ సిగ్గుతో చితికిపోయి నవ్వింది. తలవంపులైనప్పుడు వాళ్ళు నవ్వు చాటున దాక్కుంటారు. తప్పు చేసి నవ్వుతుందా అని శ్యారన్‌కి ఇంకా మండింది.

గురువారం మధ్యాహ్నం రెండింటికి మీటింగ్. ఉద్యోగం పోతే ఉబోన్ వీసా కూడా పోయినట్టే, ఆ వీసా ఇచ్చింది ఈ ఉద్యోగం చూసే. తొమ్మిదేళ్ళ కూతురు మాలీ వచ్చే నెలే తల్లి దగ్గరికి వస్తోంది, టికెట్ కూడా కొనేశారు.

"ఫీ ఫ్లోరెన్స్," అంది ఉబోన్ ఒంటిగంటన్నరకి, మందుల గది గుమ్మంలో నిలబడి. ఫీ అంటే వాళ్ళ భాషలో అక్క. "పాప అప్పుడే పెట్టె సర్దేసుకుంది. దానికి ఏమని చెప్పను?"

ఫ్లోరెన్స్ గుండె చెరువైపోయింది. "ఏమీ చెప్పకు. రెండయ్యేదాకా ఎవ్వరికీ ఏమీ చెప్పకు!" అంటూ ఇంటికి ఫోన్ కొట్టింది.

"ఏవండీ, లేవండి! ఫ్రిజ్‌లో ఐస్‌క్రీమ్ డబ్బా ఉంది, అది పట్టుకుని వెంటనే రండి!"

నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకున్న మొగుడు నోవహు ఆవులించాడు. "ఐస్‌క్రీమ్ ఏంటే ఇప్పుడు?"

"ఐస్‌క్రీమ్ కాదండీ, మాటలు! కింద అరలో ఉంటుంది. కారు నా దగ్గరుంది, సైకిలేసుకు రండి. ఓ తల్లీపిల్లల బతుకండీ!"

ఆ ఊరి నేల చాప పరిచినట్టుంటుంది, సైకిలుకి హాయే. కానీ ఆ గాలి ఉంది చూశారూ, మనిషిని ముందుకి కదలనిస్తేగా! ఫ్లోరెన్స్ కిటికీకి అతుక్కుపోయింది. రెండుకి పది. రెండుకి అయిదు. "ప్రభువా, ప్రభువా" అనుకుంటుండగానే సందు మలుపులో హెల్మెట్ కనబడింది. పైజామాలోనే వచ్చేశాడు మహానుభావుడు, హ్యాండిల్‌కి సంచీ ఊగుతోంది! "స్తోత్రం!" అని కేకేసి, డబ్బా లాక్కుని, ఒక్క ఉదుటున మీటింగ్ గదిలోకి దూసుకుపోయింది.

లోపల బల్ల చుట్టూ శ్యారన్, హెలెన్, తల దించుకున్న ఉబోన్.

"ఒక్క నిమిషం! ఉబోన్ అడిగేదేమిటో మీరే రుచి చూడండి!" అంటూ ఫ్లోరెన్స్ ఠీవిగా మూత తీసింది.

గోంగూర పచ్చడి.

తెలుగువాళ్ళ ఫ్రిజ్‌లో ఐస్‌క్రీమ్ డబ్బాల్లో ఐస్‌క్రీమ్ తప్ప అన్నీ ఉంటాయి కదా! వెల్లుల్లి పోపు వాసన గదంతా గుప్పుమంది. ఫ్లోరెన్స్ గబుక్కున మూత పెట్టేసింది. ఇంటికి పోయాక నోవహుకి ఉంది, కానీ ఇప్పుడేం చెయ్యాలి?

"నేను వెల్లింగ్టన్ నుంచి రెండు గంటలు డ్రైవ్ చేసుకుని వచ్చాను, పచ్చడి చూడ్డానికి కాదు," అంటూ హెలెన్ విసురుగా లేచింది. లేచిన మనిషి తూలి, బల్ల అంచు పట్టుకుంది. పెదాలు తెల్లబడ్డాయి.

అది ముందు చూసింది ఉబోనే. ఉద్యోగం, వీసా, పెట్టె సర్దుకున్న పాప, అన్నీ మరిచిపోయి, రెండు చేతులతో హెలెన్ మోచెయ్యి పట్టుకుని అడిగేసింది: "తిన్నారా?"

టిక్!

మాట బల్ల మీద పడి, దొర్లి, హెలెన్ ముందు ఆగింది. శ్యారన్ చెయ్యి అలవాటుగా చీపురు కోసం వెతికింది.

"ఊడవకండి!" ఫ్లోరెన్స్ అరిచిన అరుపుకి శ్యారన్ ఉలిక్కిపడి కూర్చుంది. "హెలెన్‌గారూ, మీకు పుణ్యముంటుంది, దాన్ని ఒక్కసారి నోట్లో వేసుకోండి. ఆ తర్వాత ఏం చేసినా మీ ఇష్టం."

హెలెన్ దాని వంక చూసింది, ఉబోన్ వంక చూసింది. కళ్ళు తిరుగుతున్నాయో, ఏమనిపించిందో, తీసి నోట్లో వేసుకుంది.

హెలెన్ కళ్ళు మెల్లగా నిండాయి.

"నేను స్కూలు నుంచి వచ్చేసరికి మా అమ్మ టోస్ట్ పట్టుకుని గుమ్మంలోనే నిలబడేది," అంది. "ఇదే రుచి. అమ్మ ఇక్కడ చేరాక నన్నెవరూ ఇలా అడగలేదు." ఉబోన్ ఆవిడ మోచెయ్యి ఇంకా వదల్లేదు. "అమ్మని నువ్వు అడిగేదీ ఇదేనా?" అంది హెలెన్.

"రోజూ," అంది ఉబోన్.

హెలెన్ కళ్ళు తుడుచుకుంది. "లేదు, పొద్దున్నుంచీ ఏమీ తినలేదు. నువ్వు తిన్నావా?"

అందరూ చెవులు రిక్కించారు. ఏమీ రాలలేదు.

ఇక ఉబోన్ ఆగుతుందా! పరిగెత్తి తన క్యారేజీలో అన్నం తెచ్చింది. బల్ల పాడవకుండా శ్యారన్ చేతికందిన కాగితం డబ్బా కింద పెట్టింది, తీరా చూస్తే అది ఫిర్యాదు కాగితం. హెలెన్ గోంగూర మొదటి ముద్దకే కారం కారం అని కేకలు పెడుతూ, రెండో ముద్ద అడిగింది. తిన్నాక శ్యారన్ ఆ కాగితం ఎత్తి చూసి, "ఇంత నూనె మరక పడ్డాక ఫైల్లో పెట్టడం కుదరదు," అని నాలుగు మడతలు పెట్టి చెత్తబుట్టలో పడేసింది. ఆ తర్వాత ప్రతి గురువారం హెలెన్ వచ్చి అమ్మతో కలిసి భోంచేస్తోంది. పక్కన మనిషుంటే డోరీన్‌గారు రెండు చెంచాలు ఎక్కువే తింటున్నారు.

నెల తిరిగేసరికి మాలీ రానే వచ్చింది! ఊళ్ళోని చిన్న ఎయిర్‌పోర్టుకి ఉబోన్‌తో పాటు ఫ్లోరెన్స్, నోవహు, హెలెన్ కూడా వెళ్ళారు. తల్లి మెడ పట్టుకుని వేలాడిన పిల్ల కాస్త దిగాక, హెలెన్ మోకాళ్ళ మీద కూర్చుని, వారం రోజులు బట్టీ పట్టిన థాయ్ మాట అడిగింది. యాస సొట్టలు సొట్టలుగా వచ్చింది. టిక్!

మాలీ వంగి ఆ మాట తీసి, గౌనుకి తుడిచి, నోట్లో వేసుకుంది. ముఖమంతా నవ్వయింది.

"నాట్ యెట్!" అంది.

నోవహు సంచీ విప్పాడు. ఈసారి ఎందుకైనా మంచిదని ఫ్రిజ్‌లో ఉన్న డబ్బాలన్నీ తెచ్చేశాడు.