వానల్లో కేరవాన్

విజయరాణికి ఊరికే కూర్చోవడం చేతకాదు. మలయ్ దేశంలో పడమటి వైపున్న బంటింగ్‌లో రబ్బరు చేతితొడుగులు తయారుచేసే ఫ్యాక్టరీలో పాతికేళ్ళకు పైగా షిఫ్టుల్లో పనిచేసి ఆగస్టులో రిటైరయింది. అప్పట్నుంచీ ఇంట్లో ఏ వస్తువూ ఉన్నచోట ఉండలేదు. బీరువా హాల్లోకొచ్చింది, మళ్ళీ గదిలోకి పోయింది. ఫ్రిజ్ మూడు గోడలూ చూసొచ్చింది. కూతురు వినోదిని పని నుంచి వచ్చి చీకట్లో సోఫాకి మోకాలు కొట్టుకుని, "అమ్మా, ప్లీజ్ లా, ఎక్కడికైనా పో!" అని ఏడ్చినంత పని చేసింది.

సరిగ్గా అప్పుడే పుష్పవల్లి ఫోన్ చేసింది. విజయరాణి పెద్దన్న మోహన్‌రాజ్ భార్య ఆవిడ. ఆ అన్న దగ్గర పాత కేరవాన్ ఒకటి ఉంది. పికప్ వెనక తగిలించుకుని పోయే చిన్న డబ్బా ఇల్లు. రెండు పడకలు, ఒక పొయ్యి, పళ్ళెమంత సింకు, అంతే. పెద్ద సెలవులొస్తే మోహన్‌రాజ్ చుట్టాలందరినీ వెంటేసుకుని దాన్ని తూర్పు తీరానికి, సముద్రం ఒడ్డుకు లాక్కుపోతాడు. అక్కడ గుడారం పక్కన గుడారం, పొద్దు పోయేదాకా కరావోకే పాటలు, స్నానాలగది ముందు వరుస.

"ఆ గోలలో నాను సముద్రం సూసిందెప్పుడు? కూర గరిట తప్ప ఏటి సూసినాను?" అంది పుష్పవల్లి. "ఈసారి ఎవులూ లేనప్పుడు పోతాను. నువ్వు రా."

నవంబరు నెలాఖరు. తూర్పు తీరానికి వానలు పట్టుకున్న రోజులు. "ఈ వానలో ఎవులు పోతారే అక్కడికి?" అని మోహన్‌రాజ్ అడ్డం పడ్డాడు. "ఎవులూ పోరు. అందుకే పోతన్నాను," అని పుష్పవల్లి పికప్ తాళాలు తీసుకుంది. ఆవిడ బంటింగ్‌లో ఏళ్ళ తరబడి స్కూలు వ్యాన్ నడిపిన మనిషి. కేరవాన్ లాగడం ఆవిడకొక లెక్కా?

కువంతాన్ పట్నం దాటి, కెమాసిక్‌కి ఇంకా ఉత్తరాన ఒక చిన్న ఊరి చివర, సరుగుడు చెట్ల కింద ఆ క్యాంపు ఉంది. ఒక్క గుడారం లేదు. అంగళ్ళన్నీ నీలం టార్పాలిన్లు కప్పుకుని ఉన్నాయి. క్యాంపు చూసుకునే రొహానా, విజయరాణి వయసు మనిషే, వీళ్ళను చూసి దారి తప్పి వచ్చారేమో అనుకుంది. ఉండటానికొచ్చారని తెలిశాక నవ్వి, "ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టుకోండి, అంతా మీదే," అంది మలయ్‌లో.

పుష్పవల్లి సముద్రానికి బాగా దగ్గరగా, రెండు సరుగుడు చెట్ల మధ్య పెట్టింది. ముందు పందిరిలా పరదా లాగి కట్టి, దాని కింద కుర్చీ వేసుకుని, అల్లం దంచి వేసిన టీ చేతిలో పట్టుకుని కూర్చుంది. పై రేకు మీద వాన టపటపలాడుతోంది. సముద్రం కాఫీ రంగులో ఎగిరెగిరి పడుతోంది. ఎవరో వదిలేసిన పిల్లి ఒకటి వచ్చి ఆవిడ కాళ్ళ దగ్గర ముడుచుకుంది. ఇంక పుష్పవల్లి కదల్లేదు. ఆవిడ ముఖంలో ఆ తృప్తి చూస్తే విజయరాణికి ఒళ్ళు మండింది.

"వదినా, ఇప్పుడు ఏటి సెయ్యాలి?"

"సేస్తన్నాను గదే."

"ఏటి?"

"ఇదే."

విజయరాణి లోపలికెళ్ళి గిన్నెలు కడిగింది. కడిగినవే మళ్ళీ కడిగింది. దుప్పట్లు మడతపెట్టింది. ఫోన్ చూసింది, సిగ్నల్ లేదు. చెప్పులేసుకుని ఒడ్డు వెంబడి నడిచింది, వాన జోరయితే తిరిగొచ్చింది, తగ్గితే మళ్ళీ వెళ్ళింది. రాత్రి పడుకుంటే ఉత్తరాన కెర్తే వైపు గ్యాస్ ఫ్యాక్టరీ గొట్టం మీది మంట ఎర్రగా ఆకాశాన్ని తడుతుంటే, అది ఫ్యాక్టరీ లైటులా అనిపించి, పనికి ఆలస్యమయినట్టు లేచి కూర్చుంది.

పొద్దున్నే, "ఎల్లిపోదాం వదినా," అంది.

"నిన్ననే వచ్చినాం లా!"

"నువ్వుండు. నాను బస్సుకి పోతాను."

పుష్పవల్లి వద్దనలేదు. పొద్దుటి అన్నంలోకి చేప వేయించడం మొదలుపెట్టింది. ఆ వాసన వెంటాడుతుంటే విజయరాణి గొడుగేసుకుని పెద్ద రోడ్డు దాకా నడిచింది. చాలాసేపటికి ఒక బస్సు వచ్చి ఆగింది, తలుపు తెరుచుకుంది. కువంతానా అని అడిగితే డ్రైవరు తల అడ్డంగా ఊపి, ఇది డుంగున్ వైపు పోతుందన్నాడు. ఇంటికి పూర్తిగా వ్యతిరేక దిశ. అయినా ఆవిడ ఒక కాలు మెట్టు మీద పెట్టింది. ఎందుకు పెట్టిందో ఆవిడకే తెలియదు. డ్రైవరు చూస్తున్నాడు. కాలు వెనక్కి తీసుకుంది. బస్సు నీళ్ళు చిమ్ముకుంటూ పోయాక, పోయిన వైపే చూస్తూ కాసేపు నిలబడింది.

తడిసి తిరిగొచ్చేసరికి ఎవరి మీదో తెలియని కోపం. కేరవాన్ మెట్టు మీద పాకుడు కనిపించింది. సబ్బు పొడి చల్లి, కొబ్బరి పీచుతో అరిగిపోయేలా రుద్దింది. నీళ్ళు కొట్టడానికి బకెట్ తెచ్చేలోపల పుష్పవల్లి అన్నం పళ్ళెంతో బయటకు అడుగుపెట్టింది. జర్రున జారింది. పళ్ళెం ఒకవైపు, మనిషి ఒకవైపు. చేప పిల్లికి దొరికింది.

"అయ్యో వదినా! నాదే తప్పు, సబ్బు నానే ఏసినాను!"

"తెలస్తన్నాది," అంది పుష్పవల్లి, చీలమండ పట్టుకుని పళ్ళు బిగించి. "మెట్టు మాత్రం తళతళలాడతన్నాది."

ఇద్దరికీ నవ్వొచ్చింది గానీ, కాలు చూస్తుండగానే వాచిపోయింది. గుడ్డతో కట్టి, మంచం మీద కూర్చోబెట్టి, విజయరాణి అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. అలా ఉండగా మధ్యాహ్నం దాటాక రొహానా రెయిన్‌కోటులో మోటార్ సైకిల్ మీద వచ్చింది. క్యాంపు వెనక ఏరు నిండుతోందట. సాయంత్రం సముద్రం పోటు మీదకొస్తే ఏటి నీళ్ళకు పోయే దారుండదు, వెనక్కి తన్ని ఇక్కడికొస్తాయి. గట్టు మీద ఊరి సమావేశ మందిరం ముందు మైదానముంది, అక్కడికి మార్చుకోమని చెప్పింది.

వదినా మరదళ్ళు ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. వాచింది కుడికాలు.

"రాణీ, నువ్వు నడపాలి."

"నానా? నా చిన్న కారే సందులో తిప్పలేను!"

"మరి ఈదుకుంటా పోదామా?"

విజయరాణి వానలోకి దిగింది. కరెంటు తీగ పీకింది, చక్రాల కింద చెక్కలు తీసింది, నాలుగు మూలల జాకీలూ ఎత్తింది. పికప్ వెనక్కి తెచ్చి కొక్కేనికి తగిలించడానికి ఎన్నిసార్లు దిగి ఎక్కిందో. చివరికి కొక్కెం పడింది. అది ఆవిడకే ఆశ్చర్యం. పుష్పవల్లి పక్క సీట్లో కాలు డ్యాష్‌బోర్డు మీదకు చాపుకుని, అద్దంలో చూస్తూ కేకలేస్తోంది. ముందు చెట్లున్నాయి, కొంచెం వెనక్కి పోతే తప్ప మలుపు దొరకదు.

"ఎనకున్న డబ్బా ఎడం పక్కకి పోవాలంటే స్టీరింగు కుడికి తిప్పాల!"

"అదేటి తలకిందులుగా?"

"అదంతే! తిప్పు! అంత కాదు, అంత కాదే!"

కరకరమని శబ్దం. సరుగుడు చెట్టు కేరవాన్ పక్కను గీరింది. విజయరాణి కళ్ళు మూసుకుంది. తెరిచి, ముందుకు పోయి, మళ్ళీ వెనక్కి వచ్చింది. ఈసారి ఆ డబ్బా చెప్పిన మాట విన్నట్టు మెల్లగా ఒదిగి తిరిగింది. ఒంట్లో ఏదో ఝల్లుమంది. వెనక అంత బరువు, ఆవిడ వేలు ఎటు కదిపితే అటు వస్తోంది. చక్రాలు సగం మునిగే నీళ్ళలోంచి గట్టెక్కి మైదానంలో ఆగేసరికి, మందిరం అరుగు మీదున్న మనుషులు చేతులూపారు. ఒకామె చేపపిండితో వేయించిన వేడివేడి కెరోపోక్ పొట్లం కిటికీలోంచి అందించింది. విజయరాణి ఇంజను ఆపలేదు. ఆపబుద్ధి కాలేదు.

తెల్లవారేసరికి నీళ్ళు తీశాయి. వాళ్ళు మొదట కేరవాన్ పెట్టుకున్న చోట ఒండ్రు, కొమ్మలు మిగిలాయి. దగ్గర క్లినిక్‌లో డాక్టరు ఎముక విరగలేదని చెప్పి బిగించి కట్టు కట్టింది. అక్కడ సిగ్నలుంది. మోహన్‌రాజ్ ఫోన్‌లో అరిచాడు: "నాను ముందే సెప్పినాను! తక్షణం ఇంటికి రండి!"

పెద్ద రోడ్డు ఎక్కే చోట విజయరాణి కేరవాన్‌తో సహా బండి ఆపింది. పుష్పవల్లి కిటికీ వైపు తిరిగి మెల్లగా అంది: "పోదాం లే. నీకూ అదే గదా కావాలి. నాకు ఒక పూటయినా దొరికినాది."

విజయరాణికి బంటింగ్ ఇల్లు కళ్ళముందు మెదిలింది. జరపడానికి అందులో ఇంక వస్తువులు లేవు. ఎడమవైపు కువంతాన్, ఇంటి దారి. కుడివైపు రోడ్డు వానలో నల్లగా మెరుస్తూ ఉత్తరానికి పోతోంది. కుడికి తిప్పింది.

"ఏటే, ఎటు పోతన్నావు?"

"పైన మరాంగ్ ఒడ్డున కూడా ఇప్పుడు ఎవులూ ఉండరంట."

"అక్కడ మాత్రం నువ్వు కాసేపయినా కుదురుగా కూసుంటావా?"

"కూసునే ఉన్నాను గదా, సూడు. స్టీరింగు ముందర."

పుష్పవల్లి పగలబడి నవ్వింది. నవ్వితే కాలు నొప్పెట్టి మూలిగింది, మళ్ళీ నవ్వింది. ఫోన్ మోగింది. మోహన్‌రాజే. ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. పుష్పవల్లి తీసి, కేరవాన్ పక్కన చిన్న గీత పడిందని చెప్పి, ఆయన తేరుకునేలోపు పెట్టేసింది.

మరాంగ్ ఒడ్డున కూడా అదే వాన, అదే ఖాళీ. పుష్పవల్లి కాలు స్టూలు మీద పెట్టుకుని సముద్రానికి ఎదురుగా కూర్చుంది. విజయరాణి పక్కన కుర్చీ వేసుకుంది. టీ కప్పు సగమయేదాకా ఉండగలిగింది. తర్వాత లేచింది. వదిన చేతిలో కప్పు నింపి, పికప్ చుట్టూ తిరిగి టైర్లు తన్ని చూసి, ఇంకా ఉత్తరానున్న సెటియు ఇక్కడికి ఎంత దూరమని వల భుజాన వేసుకుని పోయే మనిషిని అడగడానికి వానలోకి నడిచింది.