నాలుగు మెట్లు కిందికి

సుజన గొంతు మారి ఎనిమిది నెలలైంది. థైరాయిడ్ గడ్డ తీసిన ఆపరేషన్ బాగానే జరిగింది. మాట కూడా రెండో నెలకల్లా తిరిగొచ్చింది. కానీ వచ్చిన గొంతు వేరేది. లావుగా, ఎక్కడో అడుగునుంచి వచ్చేది. సిలిండర్ తెచ్చే అతను ఫోన్ చేసి, "సార్, ఇంట్లనే ఉన్నరా?" అని అడిగిన రోజునుంచి ఆమె ఫోన్ ఎత్తడం మానేసింది. చర్చికి పోవడం మానలేదు. అయితే ఒకప్పుడు అందరికంటే ముందు నిలబడి పాడే మనిషి, ఇప్పుడు వెనక గోడ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, పాటలప్పుడు పెదవి కూడా కదపకుండా పుస్తకంలోకి చూస్తుండేది.

ఆమె భర్త నగేష్ బస్సు డిపోలో మెకానిక్. జహనుమాలోని ఆ చిన్న చర్చిలో పంతొమ్మిదేళ్లుగా బేస్ గిటార్ వాయిస్తున్నాడు. ఆ పంతొమ్మిదేళ్లూ వాయించింది సుజన పాటకే. ఇప్పుడు స్రవ్య అని నర్సింగ్ చదివే అమ్మాయి పాడుతోంది. బాగా పాడుతుంది. అదే నగేష్‌కు కష్టంగా ఉండేది. ఇంటికొస్తే రెండు గదులు, రెండు కంచాలు. "నీళ్లొచ్చినయ్", "తలుపెయ్యి" లాంటి మాటలు నాలుగైదు. అంతే.

ఒక సాయంత్రం ఆమె బియ్యం ఏరుతూ తనకు తెలియకుండానే కూనిరాగం తీసింది. నగేష్ చప్పుడు చేయకుండా గోడకున్న బేస్ అందుకుని ఆ స్వరం కోసం వెతికాడు. పాత పాటే. కానీ పాత చోటుకు నాలుగు మెట్లు కింద ఉంది. అంత అడుగుకు అతని తీగ పోదు. వెతుకుతుండగానే ఆమె ఆగిపోయి చాట పట్టుకుని లోపలికి వెళ్లింది.

మర్నాడు తీగలన్నీ నాలుగు మెట్లు దించి చూశాడు. బట్టలారేసే తాడులా వదులై, వాయిస్తే గిటార్ మెడమీది ఇనుప పట్టీలకు కొట్టుకుని గరగరమన్నాయి. అసలే స్పానర్లు తిప్పిన చెయ్యి, బరువైనది.

గురువారం సెలవు. గిటార్ భుజానేసుకుని ధూల్‌పేట్ పోయాడు. అక్కడ విగ్రహాల షెడ్ల వెనక సందులో బాలనర్సింహ అనే పెద్దాయన పెళ్లి బ్యాండ్ల వాయిద్యాలు బాగుచేస్తాడు, తీగలు కూడా అమ్ముతాడు.

"ఏంది నగేషూ, గింత ఢీలా చేసినవ్?" అన్నాడు తీగను వేలితో ఊపి.

"నాలుగు మెట్లు దించాల్నన్నా. దించితే గరగర అంటున్నయ్."

"సన్న తీగను దించితే గంతే, బిగువు పోతది. గంత కింద బిగువుగుండాల్నంటే తీగ లావుండాలె." రెండు ప్యాకెట్లు తీసి బల్లమీద పెట్టాడు. "నువ్వు వాడేది నూటఐదు నంబరు లావు. గీ నూటపది ఒకటి, రెండు మెట్లకు పనికొస్తది. నాలుగంటే గీ నూటఇరవై ఐదే. వేళ్లు మస్తు నొస్తయ్."

"నొయ్యనీ."

"ఇంకోటి ఇను. వీటిని మళ్ల మామూలు శృతికి బిగిస్తివా, గిటార్ మెడ వంగుతది. ఇవి కూసోవాల్నంటే మెడ చివర తీగలానే గాట్లు గూడ వెడల్పు చెయ్యాలె. చేసినంక మళ్ల సన్న తీగ ఆ గాట్లల్ల సరిగ నిలవది. మంచిగ ఆలోచించుకో, సోచ్ లే భాయ్."

నగేష్ రెండు తీగలనూ విప్పి, వేళ్లమధ్య లాగి చూశాడు. లావుది బ్రేక్ వైరులా మొండిగా ఉంది. "సోచిన అన్నా. ఎయ్యి" అన్నాడు. ముసలాయన ఆకురాయి అందుకున్నాడు.

ఇంటికొచ్చి చిన్న స్పీకరు డబ్బాకు కలిపి, ఆ పాట మొదలుపెట్టాడు. స్వరం ఎక్కడా వణకలేదు. గోడ అల్మారాలో గిన్నెలు మోగాయి. సుజన గడప దాకా వచ్చి నిలబడింది.

"నీ గొంతుకాడికి దించిన సుజనా. ఒక్కసారి పాడు."

"తీగలు మార్చినవా?"

"ఆఁ. లావువి. గాట్లు గూడ వెడల్పు చేయించిన."

ఆమె చాలాసేపు ఆ గాట్లవైపే చూసింది. "డాక్టర్ ఏడాది ఆగమన్నడు. ఇంకా నాలుగు నెలలున్నది. నేను దినాలు లెక్కపెట్టుకుంటున్న. నువ్వేమో నా పాత గొంతు ఇగ రాదని ఖాయం చేసుకొని దుకాణానికి పోయినవ్."

అతను స్విచ్ ఆపేశాడు.

ఆదివారం చర్చిలో వేళ్లు అలవాటు కొద్దీ పాత చోట్లకే పోయాయి. దించిన తీగలమీద పోయిన చోటల్లా వేరే స్వరం పలికింది. స్రవ్య రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది. మూడో పాటకు ముందు పాస్టర్ అయ్యగారు దగ్గరికొచ్చి, "నగేషూ, ఇవాళ్టికి కీబోర్డ్ సరిపోతది లే" అన్నారు మెల్లగా.

నగేష్ గిటార్‌ను స్టాండుకు ఆనించి, మధ్యదారిన నడిచి వెనక్కి వచ్చాడు. సుజన పక్కనున్న కుర్చీలో బ్యాగు ఉంది. ఆమె బ్యాగు తీసి ఒళ్లో పెట్టుకుంది. పెళ్లయ్యాక చర్చిలో వాళ్లు పక్కపక్కన కూర్చోవడం అదే మొదలు. ఇద్దరూ పాడలేదు. పుస్తకం మాత్రం ఆమె కాస్త ఇటు జరిపింది.

నాలుగు నెలలు గడిచాయి. డాక్టర్ గొంతులోకి గొట్టం వేసి చూసి, ఇక ఇంతేనమ్మా అన్నాడు. ఆటోలో వస్తున్నంతసేపూ ఆమె బయటికే చూసింది. ఇల్లు చేరాక చెప్పులు విప్పి, గోడకున్న గిటార్ తీసి అతని ఒళ్లో పెట్టింది.

"డబ్బకు పెట్టకు. ఉట్టిగనే కొట్టు."

డబ్బా లేకుండా బేస్ వాయిస్తే ఎదుటిమనిషికి కూడా సరిగ్గా వినిపించదు. ఆమె దగ్గరికి జరిగి, చెక్కమీద అరచెయ్యి ఆనించి కూర్చుంది. రెండు చరణాల దాకా వింది. తర్వాత ఒక లైను అందుకుని, సగంలో ఆగి, "గిది నా లెక్క లేదు" అంది.

"అవును" అన్నాడు నగేష్.

నీలాగే ఉందని అబద్ధం చెప్పనందుకో ఏమో, ఆమె లేచి పోలేదు. గోడవైపు తిరిగి కూర్చుని, ఆ లైను మళ్లీ మొదటినుంచి ఎత్తుకుంది.