దండ మెడలో పడ్డ మనిషి

తన సన్మానానికి వచ్చే పెద్దమనుషుల గారెలకు పప్పు తనే రుబ్బుకుంటోంది కూర్మమ్మ. కటక్‌లో ట్రాకు మీద సైకిలు పందెం గెలిచి కప్పు తెచ్చి వారమైనా కాలేదు. పేపర్లో ఫొటో కూడా పడింది. ఫొటో పడితే మాత్రం పొత్రం దానంతటది తిరుగుతుందా!

"ఒసే, నీళ్లు ఎక్కువ పొయ్యకు. గారె నూనె తాగేస్తాది," అంది అత్త దాలమ్మ.

మొగుడు నరసింగరావు జూటు మిల్లులో గుమస్తా. చెడ్డవాడనడానికి లేదు. కొట్టడు, తిట్టడు, నవ్వుతూనే కాళ్లకు అడ్డం పడతాడు. రైల్వేవాళ్లు ఆమెకు ఉద్యోగమిచ్చిందే సైకిలు తొక్కమని. రేపు పొద్దున్న బండికి ఖరగ్‌పూర్ శిక్షణ శిబిరానికి వెళ్లాలి. ఆయనేమో నిన్న అన్నం తింటూ, "కప్పు వచ్చేసింది కదేటి, ఇంకెందుకీ తొక్కుడు? లాగులేసుకుని తిరిగితే నలుగురూ నన్నేటంతారు? మానేసిందని రేపు సభలో నానే సెప్పేస్తాను," అన్నాడు. పదిమందిలో మొగుడన్న మాటను కాదని విజయనగరంలో తలెత్తుకు తిరగడం ఎలాగ? గారెలు వేస్తున్నంతసేపూ ఆమెకు అదే భయం.

సాయంత్రం పెద్దమనుషులు ఇంటికొచ్చి గారెలు తిన్నాక అందరూ సభకు వెళ్లారు. అక్కడ అధ్యక్షుడు నారాయణమూర్తి బంతిపూల దండ పట్టుకుని ఆమె దాకా వచ్చి ఆగిపోయాడు. పరాయి ఆడదాని మెడలో మగాడు దండ ఎలా వేస్తాడు? వెనక వరసలో బోలెడుమంది ఆడవాళ్లున్నారు గానీ, వాళ్లలో ఒకరిని పిలుద్దామని ఎవరికీ తోచలేదు. కాసేపు గుసగుసలాడుకుని దండ తీసుకెళ్లి నరసింగరావు మెడలో వేశారు. శాలువా కూడా ఆయనకే కప్పారు. చప్పట్లు మోగిపోయాయి. కటక్‌లో తొక్కింది తనే అన్నట్టు ఆయన వంగి వంగి దండాలు పెడుతున్నాడు.

కూర్మమ్మకు ముందు ఒళ్లు మండింది. తర్వాత నవ్వొచ్చింది. ఇన్నాళ్లూ తను జడిసిన పరువు ఇదేనా? అడక్కుండానే ఎవరి మెడలోనైనా పడిపోతుందే! దీనికోసమా తను కాళ్లు కట్టేసుకోవాలి?

"మా ఇంటిది ఈరోజుతో..." అని మైకులో మొదలెట్టాడు నరసింగరావు.

ఆమె లేచి మైకు దగ్గరకు వెళ్లింది.

"ఈరోజుతో ఏటీ లేదండీ. రేపు బండికి ఖరగ్‌పూర్ ఎల్తన్నాను. ఇంకా సానా పందేలున్నాయి."

మొదట వెనక వరస ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత మిగతావాళ్లకు తప్పలేదు. మెడలో దండ పెట్టుకుని కాదనలేక నరసింగరావూ నవ్వేశాడు. ఎన్నాళ్లకో కూర్మమ్మకు గుండెల నిండా ఊపిరాడింది.

ఇంటికి రాగానే ఆమె చీర కుచ్చిళ్లు ఎగదోపి, రైలుకి సైకిలు మూట కట్టడం మొదలెట్టింది. దాలమ్మ గారెల మూకుడు వైపూ, గుట్టగా పడున్న ఎంగిలి పళ్లేల వైపూ చూసింది.

"ఒసే, ఈ అంట్లన్నీ ఎవలు తోముతారే?"

కూర్మమ్మ తాడు బిగించి ముడేసింది.

"దండ ఏసుకున్నోరు తోముతారత్తా."