ఎర్రబడ్డ పేరు

ఆ వారమంతా ముత్తమ్మకు కాలు ఒకచోట నిలవలేదు. పొయ్యి మీద ఎసరు పెట్టి వాకిట్లోకి వచ్చేది, వాకిట్లోంచి మంచం దగ్గరికి, అక్కణ్ణుంచి మళ్ళీ పొయ్యి దగ్గరికి. శనివారంతో ఊళ్ళో చదువు కేంద్రం మూతపడుతుంది. ఆ లోపు పదో కథ పూర్తి చేసినవాళ్ళే రెండో మెట్టు ఎక్కుతారు. ఏడాదిపాటు కేంద్రం ఫోన్ ఇంట్లో ఉంచుకుని చదువుకోనిచ్చేదీ వాళ్ళనే. ముత్తమ్మ తొమ్మిది కథలు గడగడా చదివేసి, పదోదాని మొదటి మాట దగ్గరే నాలుగు రోజులుగా కూలబడింది.

రెండో మెట్టు ఆమెకు గొప్పలు పోవడానికి కాదు. వానాకాలంలో పెనిమిటికి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి, కుడికాలు, మాట మూడూ పడిపోయాయి. జనగామలో కొనే మందుల కవర్ల మీద ఏది పొద్దున వెయ్యాలో, ఏది రాత్రి వెయ్యాలో చేత్తో గీకి ఇస్తారు. భూపాలపల్లిలో కాపురముంటున్న కూతురు సంగీత వచ్చి ఉన్నన్నాళ్ళు ఫర్వాలేదు. ఆమె వెళ్ళిన మూడోనాడే ముత్తమ్మ రాత్రి మాత్ర పొద్దున వేసింది. మనిషి సాయంత్రం దాకా కళ్ళు తెరవలేదు. అప్పట్నుంచి ఆమెకు తన చేతులంటేనే భయం. అచ్చేసిన అక్షరాలైతే ఇప్పుడు వచ్చు కానీ, ఆ గీకుడు రాత మాత్రం చీమలు పాకినట్టే కనబడుతుంది. రెండో మెట్టులో నేర్పేది సరిగ్గా అదే: చేతిరాత, చీటీలు, మందుల కవర్లు.

కేంద్రం నడిపే రజని మహబూబాబాద్ పిల్ల. మంచిదే, కాకపోతే ఫోన్ తప్పంటే తప్పు, ఒప్పంటే ఒప్పు ఆమెకు. ఎవరింటి ముచ్చట్లు వాళ్ళనడిగి ఫోన్‌కు చెప్పేది. అందులో ఏఐ అని ఒకటుందట, అది చిటికెలో కథ అల్లిపెట్టేది. మొదట్లో పుస్తకాల భాషలో రాస్తే ఆడవాళ్ళు ముసిముసిగా నవ్వారు. మన మాటల్లో రాయమని రజనే దాన్ని దారికి తెచ్చింది. ముత్తమ్మ బర్రె, ముత్తమ్మ పత్తి చేను, ముత్తమ్మ చెల్లెలి పెళ్ళి, అన్నీ అలా కథలయ్యాయి. మనం చదువుతుంటే ఫోన్ వింటుంది. సరిగ్గా పలికిన మాట పచ్చబడుతుంది, లేకపోతే ఎర్రబడుతుంది. అన్నీ పచ్చబడితే తప్ప ముందుకు కదలదు.

పదో కథ ముత్తమ్మ మురిసిపోయేలా ఉండాలని రజని రేషన్ కార్డు చూసి మరీ ఇంటాయన పేరు ఎక్కించింది.

"లచ్చయ్య పొద్దుగాల్ల లేసిండు."

ముప్పయ్యారేళ్ళ కాపురంలో ముత్తమ్మ ఆ పేరు పలకలేదు. 'సంగీత నాయిన' అనేది, లేదంటే 'ఇగో' అనేది. ఎవరైనా పేర్లు రాసుకోవడానికొస్తే పక్కింటామెతో చెప్పించేది. కట్టుకున్నవాడి పేరు నోట పలికితే ఆయుష్షు తరుగుతుందని తల్లి చెప్పి పంపింది. మనిషి దుక్కలా ఉన్నప్పుడే అనని పేరు, ఇట్లా మంచాన పడ్డాక అంటుందా?

"సంగీత నాయిన పొద్దుగాల్ల లేసిండు," అని చదివింది. ఎర్రబడింది. "మా ఇంటాయన" అంది. మళ్ళీ ఎరుపే. రజని పక్కకు వస్తే మాత్రం ఆ మాట దగ్గరే ఆగిపోయేది.

"ఒత్తు కాడ ఆగుతున్నవా అవ్వా? 'చ' కింద 'చ' గది, గంతే," అంది రజని.

అసలు సంగతి చెబితే ఈ పిల్ల నవ్వుతుంది. నవ్వితే నవ్వింది, 'ఏం కాదు, అను' అని వెంటపడుతుంది. అవతల కేంద్రంలో ముత్తమ్మతోపాటు చేరిన నిర్మల తన మొగుడి పేరు వీరస్వామి అని ఊరంతా వినేలా చదివేసి రెండో మెట్టెక్కి కూర్చుంది. ముత్తమ్మకు ఒళ్ళు మండిపోయింది.

శుక్రవారం సాయంత్రం రజని నోటుబుక్కులో 'ఒత్తులు రావు' అని రాసుకుంది.

"పరేషాన్ గాకు అవ్వా. సోమవారం నుంచి నేను మహదేవపూర్ దిక్కు పోతున్న. ఫోన్ ఇంటికి తీస్కపోయి జర చదువు. రేపు పదింటికల్లా తెచ్చియ్యి."

తొమ్మిది కథలు చదివినదానికి ఒత్తులు రావట! ఇంటికెళ్ళే దాకా ముత్తమ్మకు ఏడుపు ఆగలేదు.

శనివారం పొద్దున ఆయనకు జావ తాగించి, మంచం పట్టె మీద కూర్చుని ఫోన్ తెరిచింది. ఎప్పటిలాగే ముందు ఫోనే కథంతా చదివి వినిపించింది. లచ్చయ్య లేసిండు, సైకిల్ తీసిండు, నర్మెట్ట అంగడికి పోయిండు, ముత్తమ్మకు గాజులు తెచ్చిండు. ఎంత సులువుగా అనేసింది! దానికేం, దానికి మొగుడా?

"గాజులంట! ఎప్పుడు తెచ్చినవ్ గాజులు?" అంది ముత్తమ్మ.

లచ్చయ్య వంకర మూతితోనే నవ్వాడు. నవ్వి ఎన్నాళ్ళయిందో.

ఆమె చదవబోయింది. "సంగీత నాయిన..." ఎర్రబడింది. లచ్చయ్య ఎడమచెయ్యి చాచి ఆ ఎర్రటి మాట మీద వేలు పెట్టాడు. ఎప్పుడో నాలుగో తరగతి చదివినవాడు, మందుల కవర్ల మీది గీకుడు రాత రాకపోయినా తన పేరు తనకు తెలుసు.

"నువ్వూకో. గది నేననొద్దు."

వేలు కదల్లేదు.

"అంటే నీకేమన్న అయితది. ఇప్పటికే ఏం మిగిలింది నీల?" అంది ముత్తమ్మ.

ఆయన అడ్డంగా తలూపాడు. వేలితో టకటకా కొట్టాడు. అప్పుడు తట్టింది ఆమెకు. మంచాన పడ్డప్పట్నుంచి ఈ మనిషిని ఎవరూ పేరు పెట్టి పిలవలేదు. దవాఖానలో పేషెంట్ అన్నారు. చూడవచ్చినవాళ్ళు ఆయన ముందే నిలబడి, 'ఎట్లున్నడు?' అని ఆమెను అడిగి పోయారు.

ముత్తమ్మ గుమ్మం వైపు చూసింది. కొంగు తల మీదికి లాక్కుంది.

"లచ్చయ్య."

ఫోన్‌కు వినబడలేదు. గట్టిగా అంది. పచ్చబడింది. తర్వాతి మాటలన్నీ వరసగా పచ్చబడ్డాయి, గాజులతో సహా. కథ కింద రెండో మెట్టు గుర్తు వెలిగింది. టైం తొమ్మిదిన్నర దాటింది. కేంద్రానికి పోవాలి. గబగబా లేవబోతుంటే ఆయన వేలు మళ్ళీ ఆ మొదటి మాట మీదికే వచ్చింది.

"అయిపోయిందయ్యా. పచ్చగైంది, చూడు."

ఆయన వేలు తియ్యలేదు. ముత్తమ్మ ఫోన్ పక్కన పెట్టి, ఆయన మొహంలోకి చూస్తూ మళ్ళీ పిలిచింది.