ఒక పేరుకు రెండు నోళ్ళు

కార్తీకం దాటిందంటే కోసిగి చుట్టుపక్కల పల్లెల్లో సుగ్గి బండ్లు, అంటే కూలికి వలసపోయే బండ్లు, కదులుతాయి. గుంటూరు వైపు పత్తి తీతకూ మిరప కోతకూ పిల్లాజెల్లాతో, తట్టాబుట్టాతో జనం లారీలెక్కుతారు. వాన మొహం చాటేసిన నేల మీద పస్తులుండటం కన్నా పరాయి చేలో నడుము వంచడం మేలని వీరభద్ర వాళ్ళ ఊరు ఏనాడో తేల్చుకుంది. పోయే ముందు ప్రతివాళ్ళూ గడప లోపల నిలబడి "ఉండా, ఉండా, ఉండా" అని ఇంటికి చెప్పి తాళం వేస్తారు. వాళ్ళు తిరిగొచ్చేదాకా వాకిట్లోకి ఎవరొచ్చి పేరు పెట్టి "ఉండావా?" అని పిలిచినా, మూసిన తలుపు వెనక నుంచి ఆ మనిషి గొంతే "ఉండా" అని పలుకుతుంది. తిరిగొచ్చినవాళ్ళు తమ పేరు తామే పిలుచుకుంటే ఇల్లు ఆఖరిసారి పలికి ఆ పలుకు ఇచ్చేస్తుంది. ఊళ్ళో మిగిలిన ముసలివాళ్ళు పొద్దువాలగానే వీధి వెంట పిలుచుకుంటూ పోతారు. అన్ని ఇళ్ళూ పలికితే సరే. ఏ ఇంట్లోనైనా ఒక గొంతు పలకలేదంటే గుంటూరికి ఫోన్ చేస్తారు. అప్పటికే అక్కడ ఏడుపులు మొదలై ఉంటాయి.

వీరభద్ర తండ్రి శివన్న సంగతి అట్లాగే తెలిసింది. అమ్మానాన్నలు సుగ్గికి పోతూ బడి కోసమని కొడుకును పక్కింటి శేషన్న దగ్గర వదిలారు. ఒకనాటి సాయంత్రం వాడే తన వాకిట్లో నిలబడి పిలిచాడు. అమ్మ గొంతు పలికింది. నాన్న గొంతు పలకలేదు. ఆ పిల్లవాడు గొంతు బొంగురుపోయేదాకా పిలిచి, శేషన్న ఎత్తుకుపోతుంటే కూడా పిలుస్తూనే ఉన్నాడు. ఆ రోజే తీర్మానించుకున్నాడు, పెద్దయ్యాక ఈ ఇంటి నుంచి ఎవరూ సుగ్గికి పోకూడదని.

మాట నిలబెట్టుకున్నాడు కూడా. సోలార్ కంపెనీ వాళ్ళు వచ్చి పొలాలు కొంటున్నప్పుడు తమ నేల అమ్మి, ఆ దుడ్లన్నీ కంప్యూటర్లలో చెలామణి అయ్యే క్రిప్టో నాణేలు చేసి, వాటిని తాకట్టు పెట్టినట్టు నెట్‌వర్క్‌లో బిగించేశాడు. వాటి తరఫున పని చేయడానికి చిన్న కంప్యూటర్ ఒకటి తెచ్చి, జొన్నల గాదె ఉండే చీకటి గదిలో గూట్లో పెట్టాడు. దానికొక ఇన్వర్టర్, ఫైబర్ తీగ, అది పోతే ఆదుకోవడానికి సిమ్ము వేసిన ఇంటర్నెట్ పెట్టె ఒకటి. కొత్త కోడలికి కూడా అంత హంగు చేయరు.

"ఏంది రా అది, రేయింబవళ్ళు గుర్రుమంటా ఉండాది?" అంది తల్లి ఉరుకుందమ్మ.

"మిషన్ మా. దేశదేశాల్లో ఇట్లాంటివి లక్షలుండాయి. లోకంలో ఎవురు ఎవురికి నాణేలిచ్చినా ఇవన్నీ కలిసి సాక్ష్యం చెప్పాల. ఉండావా, ఉండావా అని ఒకటే పనిగా అడుగుతాంటారు. మనది ఉండా అనాల. పలికినందుకు ఇంత ఇస్తారు, పలకకపోతే మన నాణేల్లో ఇంత కోస్తారు."

"అంతేనా?"

"ఒకటే పేరుతో రెండు మిషన్లు పలికితే మాత్రం ఊరుకోరు. శానా కోసి, బయటికి తోసేస్తారు."

"మన ఇండ్ల మాదిరే" అంది ఉరుకుందమ్మ చేట అందుకుంటూ. "పలుకు ఇంట్లో పెట్టి పోయినోడు పరాయి ఊర్లో 'ఉండా' అనగూడదు. ఒక పేరుకు రెండు నోళ్ళు పలికితే ఒక నోరు పోతాది."

మిషన్ పలికింది. నెలనెలా బువ్వకూ బట్టకూ సరిపడా వచ్చింది. చుట్టూ ఇళ్ళకు తాళాలు పడుతుంటే వీరభద్ర అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చునేవాడు. ఇంట్లో ఉండి, ఉన్నానని చెప్పి, అందుకు కూలి తీసుకోవడం! తలచుకుంటే అతనికే నవ్వొచ్చేది.

ఎండాకాలంలో ఊరి ట్రాన్స్‌ఫార్మర్ పేలిపోయింది. కొత్తది వచ్చేసరికి వారం పడుతుందన్నారు. ఇన్వర్టర్ ఒక పూటకే చేతులెత్తేసింది. సరిగ్గా అప్పుడే మైదుకూరులో చిన్నమ్మ నాగలక్ష్మమ్మ కొత్తింట్లో చేరుతోంది. ఆమె కొడుకు రంగనాథ్‌కు మంచి కంప్యూటరుంది, ఎప్పుడూ పోని కరెంటుంది. రోగి కోరిందీ పాలే, వైద్యుడు ఇచ్చిందీ పాలే అనుకున్నాడు వీరభద్ర. మిషన్ ఆపేశాడు, ప్లగ్గు పీకేశాడు, తాళంచెవుల్లాంటి ఆ రహస్యపు మాటలు పెన్‌డ్రైవులో వేసుకున్నాడు. రంగనాథ్ ఇంట్లో దించి, ఊళ్ళో కరెంటు వచ్చేదాకా అక్కణ్ణుంచి పలికించాలని లెక్క.

తలుపు దగ్గర ఉరుకుందమ్మ ఆగింది.

"పలుకు పెట్టిపోదాం రా."

"రెండ్రోజుల్లో వస్తాం కదా మా. మనమేమన్నా సుగ్గికి పోతాండామా?"

"తాళం దొంగను ఆపుతాదా? పలుకు ఆపుతాది. చెప్పు."

తండ్రి పోయినప్పటి నుంచి ఆ గడప లోపల ఎవరూ ఆ మాట చెప్పలేదు. వీరభద్రకు అనబుద్ధి కాలేదు. అయినా అమ్మ మాట కాదనలేక గబగబా మూడుసార్లు అనేసి బయటికొచ్చాడు. ఉరుకుందమ్మ మాత్రం పాతకాలపు మనిషి, నిండుగా చెప్పింది. "నేనుండా. నా ఇంట్లో ఉండేదంతా ఉండాది."

పలకని ప్రతి ఘడియకూ కోత పడుతుందన్న తొందరలో మైదుకూరు చేరగానే రంగనాథ్ కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. కొత్తచోట మొదలుపెట్టే ముందు కాసేపు ఆగి, పాతచోటు నుంచి ఏ పలుకూ రావడం లేదని చూసుకోమని తెర మీద హెచ్చరిక వచ్చింది. ప్లగ్గు తన చేత్తోనే పీకాడు, ఇంకేం చూసుకోవాలి? ఆగి చూసే ఆ ఏర్పాటు తీసేసి మొదలుపెట్టాడు.

పాలు పొంగించారు. జనం బంతికి కూర్చున్నారు. విస్తరిలో బొబ్బట్టు పడిందో లేదో రంగనాథ్ పరుగున వచ్చాడు.

"అన్నా, నీ పేరు మీద రెండు చోట్ల నుంచి మిషన్లు పలుకుతాండాయి. బయటికి తోసేసినారు."

"రెండో చోటు యాడిది?"

"మీ ఇల్లే అన్నా."

వీరభద్ర ఎంగిలి చేత్తోనే శేషన్నకు ఫోన్ చేశాడు. ఇంట్లోకి ఎవరో దూరారని అతని అనుమానం. మిషన్ ఎత్తుకుపోయినా బాధ లేకపోయేది, ఎవరో దాన్ని మళ్ళీ నడుపుతున్నారంటేనే భయం.

"కరెంటే లేదు కదప్పా" అన్నాడు శేషన్న. "ఉండు, పోయి చూస్తా."

చెప్పుల చప్పుడు, గేటు కిర్రుమన్న చప్పుడు వినిపించాయి. ఊరి అలవాటు ప్రకారం శేషన్న వాకిట్లో నిలబడి కేకేశాడు.

"వీరభద్రా, ఉండావా?"

ఫోన్ చెవికి అదిమి పెట్టుకున్న వీరభద్ర ఆత్రంలో వెంటనే పలికాడు. "ఉండా, ఉండా, చెప్పన్నా!"

ఉరుకుందమ్మ అతని నోరు మూయబోయింది. అప్పటికే మాట దాటిపోయింది. అదే క్షణంలో ఫోన్‌లోంచి, మూసిన తలుపు వెనక నుంచి, అతని గొంతే "ఉండా" అంది. శేషన్న రెండూ విన్నాడు. ఫోన్ పెట్టేశాడు.

ఏమైందని అమ్మను అడగబోయాడు వీరభద్ర. పెదాలు కదిలాయి, మాట రాలేదు.

"నేనే అంటి కదరా నాయనా" అని ఉరుకుందమ్మ తల బాదుకుంది. "ఇంట్లో ఉండేదంతా అని నేనే అంటి. మిషన్‌ను మరిచిపోతి."

ఇంటికొచ్చాక ఆమె వాకిట్లో నిలబడి తన పేరు తానే పిలుచుకుంది. ఇల్లు ఆమె గొంతుతో ఆఖరిసారి పలికి, ఆమె పలుకు ఆమెకిచ్చేసింది. తర్వాత కొడుకు పేరు పిలిచింది. "ఉండా" అంది ఇల్లు. మళ్ళీ పిలిచింది. "ఉండా." ఊరి పెద్దలొచ్చి పిలిచారు, కొబ్బరికాయ కొట్టి పిలిచారు. ఇల్లు పలుకుతూనే ఉంది, అతని పలుకు అతనికి ఇవ్వలేదు. వీరభద్ర గడప బయట నోరు తెరుచుకుని నిలబడి తన గొంతు తానే విన్నాడు. పోయిన నోరు ఏదో అందరికీ అర్థమైంది. తలలు దించుకుని ఎవరి దారిన వాళ్ళు పోయారు.

కోతలు పోగా మిగిలిన నాణేలు చేతికందేసరికి వాటి ధర పాతాళానికి పడింది. మళ్ళీ నెట్‌వర్క్‌లో చేరడానికి అవి చాలవు. అమ్మేసిన నేల మీద కంపెనీ వాళ్ళ అద్దాల పలకలు మెరుస్తున్నాయి. కార్తీకం దాటింది.

సుగ్గి బండెక్కుతున్న కొడుక్కి ఉరుకుందమ్మ జొన్నరొట్టెలు మూటగట్టి ఇచ్చింది. కళ్ళు తుడుచుకుంది. "నా గురించి దిగులు పడొద్దురా. నీ పలుకుండాది కదా ఇంట్లో. పిలిస్తే పలుకుతాది. ఈ మధ్య 'తిన్నా' అని గూడా అంటాండాది" అంది. ఆ మాటకు వీరభద్ర ఇంటి వైపు తిరిగి చూశాడు. చెప్పుకోవడానికి నోరు లేదు.

మిరపచేలో ఘాటుకు కళ్ళు మండుతుంటే అతనికి ఇల్లే గుర్తొచ్చేది. సంక్రాంతి దాటాక ఒక సాయంత్రం ఉండబట్టలేక మేస్త్రీ ఫోన్ సైగలతో అడిగి తీసుకున్నాడు. మాట్లాడలేడు, అమ్మ గొంతైనా విందామని. ఎవరూ మాట్లాడకపోతే తనేనని అమ్మకు తెలుస్తుంది, నాలుగు మాటలు చెప్తుంది అనుకున్నాడు.

"ఎవురూ?" అంది ఉరుకుందమ్మ. గొంతు హుషారుగా ఉంది. పొయ్యి మీద ఏదో ఉడుకుతున్న చప్పుడు.

వీరభద్ర ఇంకో మాట కోసం చెవి రిక్కించాడు.

"ఎవురప్పా? పలకరేం?" ఆమె ఇంటి లోపలికి తిరిగి పిలిచింది. "రేయ్ వీరభద్రా, ఎవురో ఫోన్ చేసి మాట్లాడకుండా ఉండారు, చూడు."

లోపలి నుంచి అతని గొంతు, నింపాదిగా, దగ్గరికొస్తూ వినిపించింది.

"రాంగు నంబరు అయ్యుంటాది, పెట్టేయ్ మా. నాకు ఆకలైతాంది."

"సరే నాయనా, వడ్డిస్తా" అని ఉరుకుందమ్మ ఫోన్ పెట్టేసింది.