అమ్మమ్మ మందు

సిరిసిల్లలో శాంత ఉండే గల్లీలో గుట్కా నమిలేవాళ్లు ఆమె ఇంటి ముందుకు రాగానే నోరు మూసుకుని నడిచేవారు. పొరపాటున అక్కడ ఉమ్మారో, అంతే సంగతులు. ఒళ్లోని బీడీల చాట పక్కన పెట్టి మరీ వాకిట్లోకి వచ్చి, ఆ మనిషిని ఇంటిపేరుతో సహా కడిగి పారేసేది. అంత పెద్ద నోరు ఆమెది. ఆ నోట్లో ఏముందో మాత్రం ఎవరూ చూడలేదు. ఆమె కూడా చూసుకోలేదు.

ఆమె కోపానికి కారణం లేకపోలేదు. భర్త వెంకటితో కలిసి మరమగ్గాల షెడ్డులో సాంచాలు నడిపిన సారయ్య నోటి క్యాన్సర్‌తో దవడ పోగొట్టుకుని, గంజి కూడా మింగలేక చనిపోయాడు. ఆ చావు చూసి వచ్చిన రోజు నుంచి శాంత ఇల్లు బడి అయిపోయింది. వెంకటి గుట్కా బంద్, బీడీ బంద్, సాయంత్రం సీసా బంద్. వేయించిన నూనెలో మళ్లీ వేయించడం లేదు. రోజూ ఏదో ఒక ఆకుకూర. పొద్దున్నే మానేరు కట్ట దాకా నడక, అదీ ఆమె వెనకే. వెంకటి మొదట్లో గునిశాడు, తర్వాత అలిగాడు, చివరికి తప్పదని తెలిసి నడిచాడు. పాపం, సాంచాల మోత కన్నా భార్య మోతే ఎక్కువని తోటివాళ్లతో చెప్పుకునేవాడు.

ఆ వాడలో నోటి పరీక్షల క్యాంపు పెట్టారని తెలియగానే శాంత వెంకటిని రెక్క పట్టుకుని తీసుకుపోయింది.

"మంచిగ సూడు మేడమ్. దొంగతనంగ తింటుండేమో, ఉన్నదున్నట్టు చెప్పు," అంది అక్కడి డాక్టరమ్మతో.

డాక్టరమ్మ లైటు వేసి వెంకటి నోరంతా చూసింది. "అనుమానించాల్సిందేమీ లేదు. మానేసి చాలా మంచిపని చేశారు," అంది.

శాంత ముఖం వెలిగిపోయింది. తానే పరీక్ష పాసైనంత సంబరపడింది.

"మీరూ కూర్చోండమ్మా."

"నాకెందుకు మేడమ్? నేను గా దిక్కే సూడ. ఛాయ్ల చక్కెర గూడ ఏసుకోను."

డాక్టరమ్మ అడిగింది కదా అని మర్యాదకు కూర్చుని నోరు తెరిచింది. లైటు ఎడమ చెంప లోపలికి పోయి అక్కడే ఆగిపోయింది. డాక్టరమ్మ చెంపను పక్కకు లాగి చూసింది. ఇంకో డాక్టరును పిలిచి చూపించింది.

"ఈ పక్కన ఏం పెట్టుకుంటారమ్మా?"

"ఏం పెట్టుకోను."

డాక్టరమ్మ అద్దం చేతికిచ్చింది. చెంప లోపల, చిగుళ్ల పక్కన, గోడ మీద ఎండిపోయిన సున్నపు మరక లాంటి తెల్లటి మచ్చ.

వెంకటి మెల్లగా అన్నాడు. "తంబాకు పెట్టుకుంటవ్ గదనే, పంటికి."

"గది మందు!" శాంతకు నిజంగానే కోపం వచ్చింది. "పన్ను నొస్తే పెట్టుకుంట. దుకాణంల ప్యాకెటా ఏంది? మా చాట్లది, ఒట్టి ఆకు. బీడీలు చేసే ఆడోళ్లం ఎందరం పెట్టుకోం?"

కూతురు పద్మజ కడుపులో ఉండగా మొదలైన పంటినొప్పి అది. బీడీలో పోసే తంబాకు ఎదురుగా చాటలోనే ఉండేది. చిటికెడు తీసి చెంపలో పెట్టుకుంటే తిమ్మిరెక్కి నొప్పి తెలిసేది కాదు. ఆ పన్ను ఎప్పుడో ఊడిపోయింది. చెయ్యి మాత్రం అలవాటు మానలేదు. గుట్కా అంటే విషం, ఇది చెట్టుకు కాసిన ఆకు. ఆమె లెక్క అంతే.

"ప్యాకెట్లో ఉన్నా చాటలో ఉన్నా పొగాకు పొగాకేనమ్మా. కాల్చినా, నమిలినా, ఊరికే చెంపలో పెట్టుకున్నా క్యాన్సర్ తెస్తుంది."

"గిది... గదేనా?"

"చూస్తే చెప్పలేం. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలి. కాకపోవచ్చు కూడా. కానీ ఇట్లాంటి మచ్చలే కొన్ని అట్లా మారతాయి. ఈ రోజే మానేయాలి."

కరెంటు పోయి సాంచాలన్నీ ఒక్కసారి ఆగిపోయినట్టు శాంత చెవుల్లో అంతా నిశ్శబ్దమైపోయింది. వెంకటి నవ్వుతాడేమోనని చూసింది. అతను ఆమె చేతిలోని అద్దం తీసి పక్కన పెట్టాడు.

"నన్ను గంతగనం తిట్టి మాన్పిస్తివి. నేను నిన్ను ఒక్కనాడు గూడ వద్దనకపోతిని," అన్నాడు.

"ఇంట్లో ఇంకెవరైనా ఇట్లా పెట్టుకుంటారా?" అడిగింది డాక్టరమ్మ.

శాంతకు చప్పున తట్టింది. పద్మజ! కోరుట్లలో ఇచ్చిన బిడ్డ, అక్కడా బీడీలే చేస్తుంది. జ్ఞానదంతం వచ్చి ఏడుస్తుంటే తన చేత్తోనే చిటికెడు తీసి పెట్టింది. పిల్ల ఉమ్మబోతే అరచేత్తో నోరు మూసి పట్టుకుంది.

ముక్క తీయడానికి జగిత్యాల పెద్దాసుపత్రికి పోతామని, అక్కడికైతే బిడ్డను కూడా తీసుకుపోవచ్చని చెప్పి చీటీ రాయించుకున్నారు. అటునుంచి అటే బస్సెక్కారు. ఫోన్లో చెప్పే మాటేనా అది? వేములవాడ దాటాక శాంత వేళ్లు వాటంతట అవే కొంగు ముడి విప్పి తంబాకు తీశాయి. నోటి దాకా వచ్చాక చూసుకుంది. కిటికీలోంచి విసిరేసింది.

కోరుట్లలో పద్మజ గడపలో కూర్చుని బీడీలు చేస్తోంది.

"ఏందమ్మా, చెప్పకుండనే వచ్చిండ్రు?"

"నోరు తెరువు."

"ఏమైందే?"

"తెరువుమన్ననా!"

వెంకటి ఫోను లైటు పట్టాడు. శాంత బిడ్డ చెంపలు రెండూ లాగి లాగి చూసింది. మచ్చ కనబడలేదు.

"తంబాకు పెట్టుకుంటున్నవా?"

"నాకది పడనే పడదు. నువ్ పెట్టిననాడే నువ్వటు పోంగనే ఉమ్మేసిన. తెల్లారి డాక్టర్ కాడికి పోయి పన్ను పీకిపిచ్చుకున్న."

తల్లి మాట వినని బిడ్డ! శాంత ఏడుస్తూ నవ్వింది. నవ్వుతూ సంగతంతా చెప్పింది. పద్మజ చేతిలోని బీడీ జారిపోయింది. తల్లి పక్కకు జరిగి ఆమె చెయ్యి పట్టుకుని, జగిత్యాలకు తనూ వస్తానంది.

అప్పుడే బడి నుంచి పద్మజ కూతురు ప్రీతి వచ్చింది. ఇంకా పాలపళ్లన్నీ ఊడని పిల్ల. అమ్మమ్మను చూసి ఎగిరి గంతేసి, బ్యాగు పడేసి, చాట దగ్గర కూర్చుంది. రెండు వేళ్లతో చిటికెడు తంబాకు తీసి, ఎడమ చెంప లాగి లోపల పెట్టుకుంది. అచ్చం శాంత లాగే.

"ఏందే గది?" పద్మజ కేక పెట్టింది.

"పన్ను నొస్తుందమ్మా. అమ్మమ్మ మందు."

"ఎవరు నేర్పిండ్రే నీకు?"

ప్రీతికి ఆ ప్రశ్నే వింతగా తోచింది. "ఎండకాలం సెలవులకు పోయినప్పుడు అమ్మమ్మనే పెట్టింది గద! నువ్ బీడీలు ఇచ్చిరాను పోయినప్పుడు పెట్టుకుంట. మొదలు కక్కిన. ఇప్పుడు కక్కుతలేను," అంది గొప్పగా.

శాంతకు అప్పుడు గుర్తొచ్చింది. మధ్యాహ్నం, ఎండ, పిల్ల ఏడుపు. మా బంగారం ఎంత ఓర్చుకున్నదీ అని ముద్దుపెట్టుకోవడం. డాక్టరమ్మ అడిగినప్పుడు కూడా గుర్తురానంత చిన్న పని.

పిల్లను ఒళ్లోకి లాక్కుని, నోట్లో వేలు పెట్టి తంబాకంతా తీసేసింది.

"మందు పారేస్తవేంది అమ్మమ్మా?"

శాంత వెంకటి చేతిలోని ఫోను తీసుకుని పిల్ల చేతిలో పెట్టింది. తన ఎడమ చెంపను తనే వేలితో లాగి, గల్లీ మొత్తాన్ని కడిగి పారేసిన ఆ నోటిని పిల్ల ముందు తెరిచింది.

ప్రీతి లైటు పట్టి లోపలికి తొంగి చూసింది.