మిలట్రీకి మా అత్త మాత్ర

మిలట్రీ తిండి మానేసి రెండు రోజులైంది. మిలట్రీ మా కుక్క, పదమూడేళ్లది. అది తినకపోతే మా మూడేళ్ల హర్షిత కూడా తినదు. "మిలట్రీకో ముద్ద, నీకో ముద్ద" అని నేనే అలవాటు చేశాను. ఇప్పుడు రెండు నోళ్లూ మూతపడ్డాయి.

పాపను మా అత్త వెంకమ్మ దగ్గర వదిలాను. కుక్కను పాత చీరలో చుట్టి ఒళ్లో పెట్టుకుని, దుత్తలూరులో ఆటో ఎక్కి ఉదయగిరి పశువుల ఆసుపత్రికి బయలుదేరాను.

"బిడ్డకి ఎన్నేళ్లమ్మా?" అంది పక్కనామె.

"పదమూడు."

ఆమె కాస్త పక్కకు జరిగి కూర్చుంది.

మందులేమైనా వేస్తున్నారా అని డాక్టరు అడిగాడు. మోకాళ్ల నొప్పి మాత్ర అన్నాను. కుంటుతోందని మా అత్త పది రోజులుగా తన మాత్రే సగం విరిచి వేస్తోంది.

"ఎవరు రాసినారు?"

"ఆత్మకూరు డాక్టరు సార్, మా అత్తకి."

"కుక్కకి?"

"మా అత్త."

ఆ మాత్రతో కడుపులో పుండు పడిందన్నాడు. రేపటికి తినకపోతే బతకడం కష్టమన్నాడు. సూది వేసి, కడుపు మాత్రలు ఇచ్చాడు.

ఇంటికొచ్చి చెప్పాను. అత్త మూతి ముడుచుకుంది.

"నా మాత్ర పనికి రాలేదు గదా. ఇంక నన్ను పిలవబాక."

అత్త ముందు ఓ ముక్క తింటేనే మిలట్రీ తింటుంది. ఇన్నేళ్లూ అంతే. నేను సంగటి ముద్దలో మాత్ర దాచి పెడితే మొహం తిప్పుకుంది. హర్షిత కూడా తిప్పుకుంది. సాయంత్రానికి నాకు ఏడుపొచ్చింది.

అత్త లేచి వచ్చింది. "సంగటి ఇట్టా రాయి మాదిరి జేస్తే నేనూ తినను" అంటూ నా చేతిలోని ముద్దను సగం విరిచి నోట్లో వేసుకుంది. మిగతా సగం దాని ముందు పెట్టింది. మిలట్రీ వాసన చూసి, నిదానంగా తినేసింది. హర్షిత నోరు తెరిచింది.

"మాత్ర ఏ సగంలో పెట్టినావే?" అంది అత్త. "నాకు చేదుగా ఉండాది."

డాక్టరుకు ఫోన్ చేశాను.

"సార్, మాత్ర మింగేసింది."

"మంచిదమ్మా."

"మా అత్త సార్."

అది మనుషులు కూడా వేసుకునేదే, భయం లేదు, కుక్కకు ఇంకోటి వెయ్యమన్నాడు. ఈసారి రెండు ముద్దలు చేశాను, ఎవరిది వాళ్లకు.

"ఎట్టుండాది అత్తా?" అని తెల్లారి అడిగాను.

"కడుపు తేలిగ్గా ఉండాది. మోకాళ్లే అట్నే ఉండాయి."

మిలట్రీవీ అట్నే ఉన్నాయి. ఇద్దరూ కుంటుకుంటూ సంగటి గిన్నె దగ్గరికి వచ్చారు. వాళ్ల వెనకే హర్షిత, కుంటుకుంటూ.